మూడు డబ్బాలు, ఒక జత చెవులు

జూలై. రాత్రి షిఫ్టు.
గేటు బయట తోతాపురి లారీలు
చిత్తూరు బైపాసు మలుపు దాకా.
లోపల ల్యాబ్ బల్ల మీద
బ్రిక్స్ మీటరు, గాజుపలకలు, తుడిచే దూది,
వాటి వెనక, ఎవరి కంటా పడదనుకున్న చోట,
పాట పెట్టుకునే డబ్బాలు మూడు.

ఒకటి నాది, పెన్సిల్ బ్యాటరీది,
మొదటి జీతంతో తిరుపతి బస్టాండు ఎదురుగా కొన్నది.
రెండోది ఫోను, మూల పగిలింది.
మూడోది షిఫ్టు ఇంజనీరు గజేంద్ర గారిది.
నల్లగా, చల్లగా, చేతిలో సానరాయంత బరువు.
"పొద్దున్నే ఇచ్చేయాల సుభాషిణీ,
నా మూడు నెల్ల జీతం అది" అన్నాడు
బిడ్డను అప్పగించినట్టు.

ఇయర్‌ఫోన్లు మాత్రం ఒకటే జత.
కుడి తీగకు గాయాలకు వేసే ప్లాస్టరు,
ఎడమ రబ్బరు వేరే రంగు.
గోరంత కార్డు మూడింట్లోకీ మారుస్తున్నాను.
అందులో పాటా ఒకటే:
చెంగల్రాయులు నాదస్వరం, ఏడు నిమిషాలు.
పదకొండేళ్ల కింద పెనుమూరులో
ఆయన వసారాలో కూర్చుని నేనే పట్టుకొచ్చింది.
రాగం పేరు ఆయన చెప్పాడు, నేను మరిచాను.

ఒకే బియ్యం
సత్తు గిన్నెలో ఒక మాదిరి, మట్టికుండలో ఒక మాదిరి ఉడుకుతాయి కదా,
అట్లా ఏదో తేడా ఉంటుందిలే అనుకున్నాను.

నా పాతదానిలో మొదట వచ్చేది పాట కాదు,
సొరసొర.
కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు.
దాని మీద దోసెలా పరుచుకుంటుంది నాదస్వరం,
అంచులు కాస్త కరకర.
డోలు ఉందని తెలుస్తుంది,
ఎవరి చేతిదో తెలియదు.

ఫోనులో సొరసొర లేదు.
డోలు ముందుకొచ్చి కూర్చుంది
పెళ్లిలో పెద్దమనిషిలా, కాళ్లు చాపుకుని.
రాయులు ఎక్కడో వెనక
పందిరి రాటకు ఆనుకుని ఊదుతున్నాడు.
ఆ రోజు ఆయన మోకాలికీ నా మోకాలికీ జానెడు దూరం.
ఫోనుకు ఆ సంగతి తెలియదు.

మూడోది పెట్టాను.
ఏమీ వినిపించలేదు.
చెడగొట్టానేమో, మూడు నెల్ల జీతం!
తర్వాత అర్థమైంది, అది పాటకు ముందరి నిశ్శబ్దం.
పదకొండేళ్లుగా అక్కడే ఉండీ నా చెవిన పడనిది.
అందులో
ఆయన నాలుకతో పీకను తడుపుకోవడం,
ముక్కుతో లాగిన ఊపిరి,
డోలు వార్ల కిర్రు,
ఇంకా, చాలా దగ్గరగా,
ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం.

మళ్లీ పెట్టాను. నవ్వే.

శాంపిలు కాయలు తెచ్చిన డ్రైవరు షణ్ముగం
"బ్రిక్సు చూస్తా వుండారా మేడం, పాట వింటా వుండారా?" అన్నాడు.
ఆయన చెవులకూ పెట్టాను, మూడూ వరసగా.
తల వంచి, కాయను వాసన చూసేవాడిలా విన్నాడు.
"నా మటుకు ఫోనే బాగుండాది, గుండెకు తగల్తా వుండాది.
ఆ నల్లదాంట్లో ఏందో,
ఎవురింట్లోనో చెప్పకుండా దూరినట్టుండాది."
గడప దాటబోతూ ఆగాడు.
"ఆ నవ్వు మీదే కదా మేడం?"

తోతాపురికైతే లెక్కుంది.
మీటరు కంటికి ఆనిస్తే
నీలం ఎక్కడ తెగుతుందో అక్కడికి తీపి.
పద్నాలుగున్నర.
రాసి, సంతకం పెట్టి,
జిగురు వేళ్లు దూదితో తుడుచుకున్నాను.

పొద్దున్నే గజేంద్ర గారికి ఇచ్చేశాను.
"ఎట్లుండాది?" అన్నాడు.
"చానా శుభ్రంగా ఉండాది సార్."
అంతకు మించి ఆయన అడగలేదు.

బస్సులో నా పాతది పెట్టుకున్నాను.
సొరసొర. పెనం మీద నీళ్లు.
ఎక్కడుందో ఇప్పుడు తెలుసు కాబట్టి
ఆ చినుకుల సందులోంచి కూడా
పంతొమ్మిదేళ్ల పిల్ల
దేనికో నవ్వుతోంది.

దేనికో గుర్తు రావడం లేదు.
బ్యాటరీ గీత ఒకటే మిగిలింది.